నా కడుపునొప్పి మోకాళ్లలోకి దిగింది

ఈ రోజు నేను పేషెంటుగా నటించాను. మెడికల్, నర్సింగ్ విద్యార్థులు రోగులతో మాట్లాడటం ఎలా నేర్చుకుంటారన్న దాని మీద మా పక్క ఫ్లాట్ డాక్టర్ నీలాబెన్ పరిశోధన చేస్తున్నారు. “కడుపునొప్పి అని చెప్పండి చాలు” అంటూ సూరత్‌లో మేముండే అడాజన్ నుంచి నన్ను కారెక్కించి తమ కాలేజీకి తీసుకెళ్లారు.

మొదట మెడికల్ కుర్రాడు వచ్చాడు. కడుపు పట్టుకుని నేను మెలికలు తిరిగిన తీరుకి పాపం అతనికే చెమటలు పట్టాయి. నా నటన మీద నాకే ముచ్చటేసింది.

తర్వాత నర్సింగ్ అమ్మాయి వచ్చింది. ఆమెకేసి తిరిగి కూర్చోబోతూ గుజరాతీ మరిచి “అబ్బబ్బా” అన్నాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

“తెలుగోళ్లా పెద్దమ్మా? మాది ఈడనే నవాగామ్, ఆడ మస్తు మంది మనోళ్లే. ఏడ నొస్తుందో జర నిమ్మళంగ చెప్పు” అంటూ నా చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది.

కడుపునొప్పి ఎటు పోయిందో! మోకాళ్ల బాధ, మెట్లతో తంటా, మా ఆయనకి కూడా చెప్పని వాపు, అన్నీ మోకాళ్లు తడిమి చూపిస్తూ తెలుగులో చెప్పేశాను.

మూల కూర్చుని చూస్తున్న నీలాబెన్ తల పట్టుకున్నారు. “అయ్యో, మీకు కడుపునొప్పి కదా!”

ఆ పిల్ల మాత్రం నా చెవిలో మెల్లగా అంది. “కడుపునొప్పి ఉత్తదే గని, మోకాళ్లు నిజం గదా? రేపు పొద్దుగాల ఓపీకి రా పెద్దమ్మా, నేనుంట.”

పరిశోధనకి నేను పనికిరానని తేలిపోయింది. రేపు అసలు పేషెంటుగా వెళ్తున్నాను. మీరే చెప్పండి, చెయ్యి పట్టుకుని అలా అడిగితే మీరైనా ఎంతసేపు నటించగలరు?