సగం ధర కూపనూ, ఎస్తేరమ్మా

నిన్న పొద్దున వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు బండి కోసం నిలబడి ఉంటే, ప్లాట్‌ఫాం తుడుస్తున్న మనిషి తడిగుడ్డ కర్రను నా చెప్పుల మీదుగా లాక్కుపోయాడు. జరగమని ఒక్క మాట అనలేదు. నేను అతని మొహాన్ని బాగా చూసి గుర్తుపెట్టుకున్నాను. ఇంకో రోజైతే స్టేషన్ మాస్టర్ దాకా వెళ్లేవాడినే. కానీ ఆ తడి నేల మీద నుంచి నిమ్మవాసన ఫినాయిల్ ఘాటు ముక్కుకు తగిలింది. ఎస్తేరమ్మ కొంగుకు ఎప్పుడూ ఉండే వాసన అది. ఆమె పక్కన కూర్చుంటే అప్పుడే కడిగిన ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు ఉండేది. కోపం ఎటు పోయిందో, బండి వచ్చేదాకా ఆమె గురించే ఆలోచిస్తూ నిలబడిపోయాను.

ఎస్తేరమ్మది పెద్దేముల్ దగ్గర పల్లె. కూలికి పోయింది, తర్వాత తాండూరులో బండలు పాలిష్ చేసే కార్ఖానాలో చాలా ఏళ్లు పనిచేసింది. ఆ రాతిపొడి పీల్చి పీల్చి దగ్గు పట్టుకున్నాక, తనతోపాటు దగ్గుతున్న నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని బయటికొచ్చి ఇళ్లు శుభ్రం చేసే వ్యాపారం పెట్టింది. "ఊరి నిండ దుమ్మే ఉన్నది. మన పని ఎన్నటికీ ఖతం కాదు" అన్నదట వాళ్లతో. ఆమె నాకు యజమాని. అంతకుముందు, నేనే ఆమెకు గిరాకీని. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆమె మీద ఫిర్యాదు చేసినవాడిని.

అప్పట్లో నాకు ఉద్యోగం లేదు. అంతకుముందు వికారాబాద్‌లో ఎరువుల దుకాణంలో లెక్కలు రాసేవాడిని. దీపావళికి నాకిచ్చిన మిఠాయి డబ్బా, ఆ నెలలోనే చేరిన కుర్రాడికిచ్చిన డబ్బా కంటే చిన్నదిగా ఉంటే మానేశాను. మిఠాయి కోసం కాదు, నాకు తీపి పడదు. డబ్బా కోసం. మా ఆవిడ అనసూయ ఇప్పటికీ ఈ సంగతి చుట్టాలకు చెప్పి నవ్విస్తుంది. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తే.

అలా ఇంట్లో ఉన్న రోజుల్లో ఫోన్‌లో కూపన్లు అమ్మే యాప్‌లో ఒకటి కనబడింది. ఇల్లంతా శుభ్రం చేస్తారు, మొదటిసారి సగం ధరకే. కొన్నాను. తాండూరు నుంచి ఆడవాళ్లు వచ్చి పొద్దంతా చేసి వెళ్లారు. వాళ్లు వెళ్లాక నేను ఫ్రిజ్‌ను ముందుకు జరిపి చూశాను. దాని వెనక గోడ మీద ఒక దుమ్ము చార మిగిలి ఉంది. ఆ చారను మూడు వైపుల నుంచి ఫోటోలు తీసి, యాప్‌లో ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి, కింద ఒక పేరా రాశాను. మంచి పేరా అది. "సగం ధర అంటే సగం పని అని ముందే చెప్పి ఉండాల్సింది" అన్న వాక్యంతో ముగించాను.

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. పొట్టిగా, బలంగా ఉన్న ఒకామె, చేతిలో బకెట్. మొదటి బండికి తాండూరు నుంచి వచ్చిందట.

"ఫ్రిజ్ ఎన్క సూసిన సార్ నువ్వేనా?" అంది.

నేనే అన్నాను. ఆమె లోపలికొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ చారను తుడిచి, లేచి, "ఇంకేమున్నయి?" అంది.

నా జీవితంలో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. ఫిర్యాదు చేస్తే "సరే సరే" అంటారు, "చూస్తాం" అంటారు, ఫోన్ పెట్టేస్తారు. ఇంకేమున్నాయని ఎవరు అడుగుతారు? నేను ఫ్యాన్ రెక్క పైభాగం చూపించాను. కర్టెన్ కడ్డీ చూపించాను. స్విచ్ బోర్డు అంచు చూపించాను. ఆమె ఒక్కొక్కటీ తుడుస్తూ, "ఆఁ, ఇంకా?" అంటూ పోయింది. వంటింట్లో నుంచి అనసూయ, "అక్కా, గట్ల అడగకుండ్రి. ఈయన రేపటిదాంక సెప్తనే ఉంటడు" అని అరిచింది. ఎస్తేరమ్మ నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వి, బకెట్ కింద పెట్టింది.

"సార్, నా తాన పనికి వస్తవా?"

"నేనా? ఊడ్వనీకా?"

"నీకు ఊడ్సుడు రాదని మొకం సూస్తెనే తెలుస్తుంది. తప్పులు దేవులాడుడు మస్తు వస్తది. మావోళ్లు పని చేసినంక నువ్వు పోయి సూడాలె. నీకు తప్పు దొరకకుంటే ఇంకెవ్వలికి దొరకది."

మొహం చూస్తేనే తెలుస్తుంది అన్న మాట నన్ను నొప్పించింది. నొప్పించిందని అక్కడే చెప్పాను కూడా. ఆమె "సరే, అది గూడ యాది పెట్టుకో" అంది. ఆ సోమవారమే పనిలో చేరాను.

తాండూరు స్టేషన్ దగ్గర ఒక షట్టర్ గది మా ఆఫీసు. ఆమె నన్ను ఎవరికి పరిచయం చేసినా "ఈయన మా సతాయింపు సార్" అనేది. వచ్చినవాళ్లకు కప్పులో చాయ్ పోసి, నాకు అంచు సొట్టపోయిన పాత స్టీలు గ్లాసులో పోసేది. అడిగితే "నువ్వు ఇంటోనివి గద" అంది. ఇంటివాడికి పాత గ్లాసు ఏ న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కానీ పని నాకు నచ్చింది. నేను ఇల్లంతా వేలితో రాసి చూస్తూ తిరుగుతుంటే మా ఆడవాళ్లు నా వెనక నిలబడి ఊపిరి బిగబట్టేవారు. ఒకసారి ఎక్కడా ఏమీ దొరకక, దేవుడి గూట్లో దీపం కింద నూనె జిడ్డు ఉందని చెప్పాను. వాళ్లలో పెద్దదైన సువార్తమ్మ, "సార్, అది రోజు దీపం వెట్టె కాడ ఉండె జిడ్డు. అది గూడ మా తప్పేనా?" అంది. తప్పేనన్నాను.

ఇక కూపన్ల సంగతి. ఎస్తేరమ్మకు ఆ యాప్‌ను అంటగట్టింది మెడకు టై కట్టుకుని మోటారు సైకిల్ మీద వచ్చిన ఒక ఏజెంటు. మొదటిసారి సగం ధరకు చేస్తే జనం అలవాటు పడతారు, రెండోసారి నిండు ధరకు వాళ్లే పిలుస్తారు అన్నాడు. ముందు మా ఇంటివంటివి కొన్ని చేసి చూసి, ఆమె తర్వాత పెద్దఎత్తున పెట్టింది. అంతా ఆ రెండోసారి మీదే ఆధారపడి ఉంది. రెండోసారి పిలవకపోతే గది కిరాయి కూడా రాదు, ఆ నలుగురూ మళ్లీ పాలిషింగ్ కార్ఖానాకు, ఆ పొడిలోకి వెళ్లాల్సిందే. కార్ఖానా మేస్త్రీ దారిలో కనిపించినప్పుడల్లా "ఎప్పుడొస్తున్నరమ్మా?" అని నవ్వుతూ అడిగేవాడట. ఎస్తేరమ్మ ఆ నవ్వును వాడిలాగే అనుకరించి చూపించేది, చూపించాక గది కిరాయి లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకునేది.

కూపన్లు బాగా అమ్ముడుపోయాయి. కొన్నవాళ్లెవరూ పిలవలేదు. వానాకాలమంతా మేం షట్టర్ గదిలో కూర్చుని చాయ్ తాగాం. కారణం ఏమిటో నాకు ముందే తెలుసు. ఏజెంటు గడువు తేదీ అడిగితే ఈమె దీపావళి దాకా అని చెప్పింది. ఆమె లెక్క ఆమెది. వాళ్లు క్రైస్తవులు, ఇల్లు దులిపి సున్నం వేసుకునేది క్రిస్మస్‌కు. డిసెంబరులో ఆ నలుగురూ తమ ఇళ్ల పనుల్లో ఉంటారు కాబట్టి, కూపన్ల పని అంతకు ముందే అయిపోవాలనుకుంది. తాండూరు వ్యాపారుల ఇళ్లలో లక్ష్మీపూజకు ముందు గిన్నె గిన్నె బయటపెట్టి ఇల్లంతా కడుగుతారనీ, సగం ధర కూపన్ చేతిలో ఉన్నవాళ్లు దాన్ని ఆ వారానికే దాచుకుంటారనీ ఆమెకు తట్టలేదు.

నేను చెప్పాను. వాట్సాప్‌లో రాసి పంపాను. అయితే అదే మెసేజ్‌లో స్టీలు గ్లాసు గురించీ, నా కుర్చీ కాలు గురించీ, షట్టర్ కిర్రుమనడం గురించీ కూడా రాశాను. దీపావళి సంగతి ఆ తర్వాత ఉంది. ఆమె చదవలేదు. నన్ను మ్యూట్‌లో పెట్టింది. ఈ సంగతి సువార్తమ్మ ద్వారా తెలిసింది. "నీ మెసేజీలు సూస్తే బీపీ వస్తుందంట సార్ ఆమెకు."

పండుగ దగ్గర పడగానే ఒక పొద్దున ఫోన్ మోగడం మొదలైంది. ఇక ఆగలేదు. అందరికీ కూపన్ ఉంది, అందరికీ పండుగకు ముందే కావాలి, అందరికీ ఇల్లు మొత్తం కావాలి. చేతులు మాత్రం నలుగురివే. ఎస్తేరమ్మ మోగుతున్న ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టి నా వైపు తిరిగింది. ఆమె మొహంలో భయం చూడడం అదే మొదటిసారి.

"సార్, నువ్వైతే ఏం చేస్తే ఊకుంటవ్?"

"ముందు నా మీద మ్యూట్ తీయుండ్రి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నా కండ్ల ముందర."

తీసింది. నేను చెప్పాను. కోపమొచ్చినవాడికి ఆలస్యం కంటే ఎక్కువ మండేది తానే ఫోన్ చేయాల్సి రావడం. మూడుసార్లు చేసి, నాలుగోసారి ఎత్తినవాడు "ఎవరండీ?" అంటే ఒళ్లు కాలిపోతుంది. కాబట్టి వాళ్లు చేసే లోపలే మనం చెయ్యాలి. పండుగకు ముందు పూజ చేసే గదీ, వంటిల్లూ చేస్తామని, మిగతా ఇల్లు పండుగయ్యాక అదే కూపన్ మీద చేస్తామని, తప్పు మాదేనని చెప్పాలి. ఎస్తేరమ్మ ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకుంటూ, "గిదంత నీకు ఎవలు నేర్పిండ్రు?" అంది. నన్ను బాధపెట్టినవాళ్లు చాలామంది అన్నాను.

ఇద్దరం రెండు ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. నా వంతులో కందిపప్పు మిల్లు సేటు గారి భార్య కమలమ్మ తగిలింది. రెండు వీధులకు వినబడే గొంతు.

"పండుగ అయినంక ఏం కడుగుతరయ్యా? పటాకుల కాయిదాలా?"

"అమ్మా, తప్పు మాదే..."

"తప్పు మీదైతే నా ఇంట్ల దుమ్మెందుకున్నది?"

దానికి నా దగ్గర మంచి జవాబు ఉంది. నోటి చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఎస్తేరమ్మ రెండు చేతులూ జోడించి, నోరు మూసుకొమ్మని సైగ చేసింది. మూసుకున్నాను. కమలమ్మ తిడుతూనే ఉంది. మధ్యలో ఆమె కోడలిని, కరెంటు వాళ్లను, కూపన్ కనిపెట్టినవాడిని కూడా తిట్టింది. నిజం చెప్పాలంటే పనితనం ఉన్న తిట్లు. చివరికి అలసిపోయి, "సరే, పూజ అర్ర పొద్దుగాల చెయ్యాలె. ఆలస్యమైతే మంచిగుండదు" అని పెట్టేసింది. అలా ఇంటింటికీ ఒప్పుకుంటూ, ఆ వారం మా ఆడవాళ్లు పూజగదులూ వంటిళ్లూ తోమారు. నేను వెంట తిరిగి తప్పులు పట్టాను. పండుగయ్యాక ఆ ఇళ్లలో మిగతా గదులు పూర్తి చేశాం.

ఆ తర్వాత ఎదురుచూపు. రెండోసారి ఎవరు పిలుస్తారు? ఫోన్‌లో "పర్లేదండీ, అర్థం చేసుకోగలం" అన్న మర్యాదస్తుల మీద నేను ఆశ పెట్టుకున్నాను. వాళ్లలో ఒక్కరూ పిలవలేదు. పేర్లన్నీ గుర్తున్నాయి. ముందుగా పిలిచింది కమలమ్మ. నిండు ధరకు, మిల్లు ఆఫీసుతో సహా. "వేలు వెట్టి రాసి సూసె ఆ సతాయింపు సారును గూడ తోలుండ్రి" అని షరతు పెట్టింది. తర్వాత ఆమె దగ్గర ఆ తిట్లు నేర్చుకున్నారేమో అనిపించేంత గట్టిగా అరిచిన ఇంకో ఇల్లు, ఆ వెనకే మరొకటి. క్రిస్మస్‌కు మా ఆడవాళ్లకు సెలవు ఇవ్వడానికి ఎస్తేరమ్మ గిరాకీలను బతిమాలాల్సి వచ్చింది. నేను ఆశ్చర్యపోతుంటే ఆమె అంది:

"గిండ్ల ఏమున్నది సార్? లొల్లి వెట్టెటోళ్లు మనం రావాలనే లొల్లి వెడ్తరు. పర్లేదన్నోళ్లు అప్పటికే ఇంకొకలను సూసుకున్నరు. నిన్ను ఊకెనే పెట్టుకున్ననా?"

అది మెప్పో ఎత్తిపొడుపో ఆలోచించుకునే లోపల ఆమె నా చేతిలో స్టీలు గ్లాసు పెట్టింది.

ఆమె పోయి కొంతకాలమైంది. ఆ దగ్గే తీసుకుపోయింది. పెద్దేముల్ దగ్గర చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టినప్పుడు అందరినీ మాట్లాడమని, నాకు మాత్రం పాస్టర్ గారు "క్లుప్తంగా" అని చెప్పారు. అది నా లెక్కలో ఉంది. ఇప్పుడు వ్యాపారం సువార్తమ్మ చూసుకుంటోంది. ఆ నలుగురిలో ఒక్కరూ కార్ఖానాకు తిరిగి పోలేదు. కొత్తవాళ్లు కూడా చేరారు. కూపన్లు ఇప్పటికీ ఇస్తాం. కూపన్ మీద చేసిన ప్రతి ఇంటికీ వారం తర్వాత ఫోన్ చేసేది నేనే.

నిన్న తాండూరులో దిగి ఆఫీసుకు వెళ్లగానే ధారూర్‌లో ఒక టీచరమ్మకు చేశాను. "ఏం లేదండీ, అంతా బాగానే చేశారు" అంది ఆమె, చాలా మెత్తగా. నా గుండె జారింది. "లేదమ్మా, ఏదో ఉంటది. జర యాది చేసుకోండ్రి" అన్నాను. పర్లేదంది. మళ్లీ అడిగాను. వదలకుండా అడిగాను. చివరికి ఆమె విసుగ్గా, "అయ్యో, అడిగి అడిగి సంపుతున్నరు! కిటికీ జాలి వెనక తుడవలేదు. వంటింటి గట్టు కింద చెయ్యి పెట్టలేదు. పొద్దున వస్తమని మధ్యాహ్నం వచ్చిండ్రు. ఒక మాట చెప్పలేదు. ఇట్లనేనా పని చేసేది?" అని గొంతు పెంచింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. కుర్చీ ముందుకు లాక్కున్నాను.

"ఆఁ, చెప్పండ్రమ్మా," అన్నాను. "ఇంకేమున్నయి?"