ఆయన కాల్ సైన్‌తో ఇరవై రోజులు

నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీది బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతే. అందుకే ఇది నోటితో చెప్పి రాయిస్తున్నాను. నా గొంతు బొంగురు. ముప్పై ఏళ్లు మగ్గాల మోతలో అరిచి మాట్లాడిన గొంతు. చెప్పేది నేను చేసిన తప్పు గురించి. విన్నవాళ్లలో కొందరు ఇంకా "పాపం, చదువురాని మనిషి, తెలియక చేసింది" అంటున్నారు. అది నిజం కాదు.

మాది వరంగల్ కాశిబుగ్గ. నేను పవర్‌లూమ్ మీద పనిచేసేదాన్ని. మా ఆయన ఆ మగ్గాల మోటార్లు బాగుచేసేవాడు. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి హామ్ రేడియో. పరీక్ష రాసి సర్కారు లైసెన్సు తెచ్చుకున్నాడు. లైసెన్సుతో పాటు కాల్ సైన్ అని ఇస్తారు, కొన్ని అక్షరాలు, ఒక అంకె. రేడియోలో మనిషికి అదే పేరు. ఇంకొకరు వాడకూడదు, పెళ్లామైనా సరే. ఆ మాట ఆయన నాకు ఎన్నోసార్లు చెప్పాడు.

గొంతులో గడ్డ వచ్చి ఆపరేషన్ అయ్యాక ఆయనకు మాట పోయింది. మైకు ముందు కూర్చుని, కాసేపు చూసి లేచిపోయేవాడు. అది చూడలేక ఆయన స్నేహితుడొకరు హన్మకొండ నుంచి వచ్చి రేడియోను కంప్యూటర్‌కు కలిపాడు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, మేమంతా సారు అంటాం.

"అన్నా, ఇగ నోటితోని పనిలేదు. కంప్యూటరే కూతవెడ్తది, అవుతలోడి కంప్యూటర్ ఇంటది. నువ్వు జర మౌస్ నొక్కు, చాలు" అన్నాడు.

దాన్ని డిజిటల్ మోడ్ అంటారు. మొదటి వారం ఎంత పిలిచినా ఒక్కరూ పలకలేదు. సారు మళ్లీ వచ్చి చూస్తే మా కంప్యూటర్ గడియారం మూడు సెకన్లు వెనక ఉంది. అందులో పదిహేను సెకన్లు పంపాలి, పదిహేను సెకన్లు వినాలి, లోకమంతా ఒకే వంతు పాటిస్తుంది. గడియారం సరిచేశాక తెర నిండా వరసలు పడ్డాయి.

మందులకు ఆయన చేయి వణికేది. అందుకని పక్కన ఆయన కూర్చుంటే మౌస్ నేను పట్టుకునేదాన్ని. ఎవరైనా పిలుస్తుంటే ఆ వరస పచ్చగా ఉంటుంది. దాని మీద రెండుసార్లు నొక్కితే మిగతాదంతా కంప్యూటరే చూసుకుంటుంది. మనకు జవాబొస్తే వరస ఎర్రగా వస్తుంది. చదవాల్సిన పనే లేదు. రంగు చూసి దారం అందుకున్నదాన్ని, నాకు అదెంత పని.

ఎండాకాలంలో ఆయన పోయాడు. లైసెన్సు వాపసు చేసే కాగితం తాను రాసి తెస్తానని, నేను సంతకం పెడితే చాలని సారు అన్నాడు. కొన్నాళ్లు ఆగమన్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు, మధ్యాహ్నం, కంప్యూటర్ పెట్టాను. చూసి ఆపేద్దామనే పెట్టాను. పచ్చ వరస పడింది. నొక్కాను. ఎర్ర వరస వచ్చింది, అందులో ఆయన అక్షరాలు. వాటిని నేను ఆనవాలు పడతాను. ఎక్కడివాళ్లో ఆయనను పిలిచారు. నాకు ఏడుపు రాలేదు. సంబరమైంది. అది చెప్పడానికే సిగ్గు.

ఇరవై రోజులు అదే పని. అన్నం తినడం, కిటికీ మూయడం, కూర్చోవడం. పక్కింటామె అడిగితే, మిషను ఖరాబు కాకుండా నడుపుతున్నానని చెప్పాను. తెలియక చేసే మనిషి కిటికీ ఎందుకు మూస్తుంది?

ఇరవయ్యో రోజు సారు వచ్చి ఫోన్‌లో పటం చూపించాడు. ఎవరి కాల్ సైన్ ఎక్కడెక్కడ వినబడిందో అందులో చుక్కలు పడతాయి.

"వదినె, అన్న పోయి నెల అయితాంది. అన్న కాల్ సైన్ మీద ఎవడో ఆడుతాండు. జపాన్ల గూడ ఇన్నరు, సూడు."

"ఎవరై ఉంటరు సారు?" అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

"ఇంకెవరు, ఆ డోర్నకలాయన. అన్న పాత సెట్టు ఆయనకే ఇచ్చిండు గద. మొన్ననే కంప్యూటర్ కలుపుకున్నడు. సచ్చినోళ్ల పేరు దొంగతనం జేసుడేంది, సిగ్గుండాలె." తర్వాత నవ్వి, "నీకు అక్షరం ముక్క రాకపాయె గని, లేకుంటే నిన్నే పట్టుకుందును" అన్నాడు.

నేనూ నవ్వాను. చాయ్ పోశాను.

ఆ డోర్నకల్ ఆయన రైల్వేలో సిగ్నళ్ల పని చేసి రిటైరైనవాడు. భార్య లేదు, ఒక్కడే ఉంటాడు. రోజూ పొద్దున ఏడింటికి వీళ్లంతా రేడియోలో నోటితో పలకరించుకుంటారు, సారు ఒక్కొక్కరినీ పిలుస్తాడు. మర్నాడు నేను ఊరికే వినడానికి పెట్టాను.

"నమస్తే సారు, నా మాట వస్తాందా?" అని ఆయన గొంతు వినబడింది. సారు ఇంకొకరిని పిలిచాడు. ఆయన మళ్లీ అడిగాడు. సారు అందరికీ చెప్పేసినట్టుంది, ఎవరూ పలకలేదు. "నా సెట్టుల ఏమన్న ఖరాబున్నదా, జర ఎవరన్న చెప్పుండ్రి" అన్నాడు. నేను సౌండు తగ్గించాను.

రెండో రోజు, "ఏరియల్ వైరు మార్చిన, ఇప్పుడన్న వస్తాందా?" అన్నాడు. మూడో రోజు, "ఇంకింత ఎత్తుల కట్టిన" అన్నాడు. ఆయన మాట అద్దంలా వస్తోంది. మూడు రోజులూ విన్నాను.

నాలుగో రోజు రైలెక్కాను.

నేను వెళ్లేసరికి ఆయన నిచ్చెన మీద ఉన్నాడు, వైరు కడుతున్నాడు. నన్ను చూసి గబగబా దిగాడు.

"ఏం చెల్లె, ఇంత దూరం వచ్చినవ్? నీకన్న ఇనవడ్డదా నా మాట?"

"ఇనవడ్డది అన్నా. అందరికి ఇనవడ్డది" అని మొత్తం చెప్పాను.

చేతిలో వైరు అలాగే ఉంది. "నన్ను దొంగ అన్నరా?"

"అన్నరు."

"నువ్వు అక్కడ్నే ఉన్నవా?"

"చాయ్ పోసిన."

వైరు చుట్టి నిచ్చెన పక్కన పెట్టాడు. "నువ్వు నొక్కినందుకు కాదు చెల్లె. మూడొద్దులు నా మాట ఇనుకుంట గూడ ఊకున్నవ్" అన్నాడు.

ఆయన ఎదుటే సారుకు ఫోన్ చేసి, ఇద్దరికీ వినబడేలా పెట్టాను. సారు అంతా విని అన్నాడు:

"ఫికర్ జెయ్యకు వదినె. పొద్దున అందరికి నేనే జెప్త, సదువురానామె, తెల్వక నొక్కిందని. అయిపాయె."

ఊ అంటే అయిపోయేది. డోర్నకల్ ఆయన నా ముఖమే చూస్తున్నాడు.

"తెల్వక కాదు సారు. తెలిసే నొక్కిన. మీరు ఈయన్ని తిడుతాంటే తెలిసే ఊకున్న. అట్లనే చెప్పుండ్రి. ఆ కాగితం తెండ్రి, సంతకం పెడ్త."

ఫోన్ పెట్టేశాక ఆయన మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. "బండికి టైమైతాంది" అన్నాడు.

మర్నాడు సారు నేను చెప్పినట్లే అందరికీ చెప్పాడు. చెప్పి డోర్నకల్ ఆయనను అందరికంటే ముందు పిలిచాడట. ఆయన తన కాల్ సైన్ ఒక్కటి చెప్పి, ఇంకేమీ మాట్లాడలేదట. ఇది సారు కాగితం మీద సంతకం పెట్టించుకుంటూ చెప్పాడు. నేను రేడియో వినడం మానేశాను. ఆ డోర్నకల్ ఆయన ఇప్పుడు రేడియోలో మాట్లాడుతున్నాడా అని సారును అడగొచ్చు. అడిగే ముఖం నాకు లేదు.