ఏం తిన్నవు, ఎవరిమీద కోపంతోని తిన్నవు?

కోస్గి సంతకు వచ్చే సమస్త జనులకు తెలియజేయడమేమనగా: ఇకమీదట మీరు జొన్నరొట్టెను నమలకుండానే మింగవచ్చును. పెండ్లాన్ని తిట్టుకుంటూ తినవచ్చును. కారం మీద మళ్లీ కారం వేసుకోవచ్చును. అడ్డుపడే మనిషి లేడు. పోయిన ఆదివారం తెల్లారేసరికి మా హోమియో సారు కన్నుమూశారు.

రజాకార్ల గడబిడ సద్దుమణిగాక ఆయన మా ఊరి బడికి వచ్చారు. బడి విడిచాక ఇంటి అరుగు మీద కూర్చుని చక్కెర గోలీలు ఇచ్చేవారు. కడుపునొప్పి అని పోతే గోలీకన్నా ముందు ప్రశ్న పడేది: "ఏం తిన్నవు? ఎవరిమీద కోపంతోని తిన్నవు?"

ఆటపట్టిద్దామని ఒకసారి లేని నొప్పితో పోయాను.

"కోపం లేదు, తాపం లేదు సారూ. ఉత్తగనే నొస్తాంది."

ఆయన నా నాలుక చూశారు. "దీనికి లంఖణమే మందు. ఈడనే కూసో, పొద్దుగూకెదాంక ఏం తినకు" అన్నారు. లోపల అమ్మ, అంటే సారు భార్య, ఉల్లిగడ్డ తాలింపు వేస్తుంటే ఆ వాసన పీలుస్తూ అరుగు మీదే ఎండిపోయాను.

నొప్పి ఒకటే అయినా అందరికీ ఒకే గోలీ ఇచ్చేవారు కాదు. కోపంతో కారం మింగి మెలికలు తిరిగేవాడికి ఒకటి. కొడుకు పోయినప్పటినుంచి ముద్ద దిగడం లేదన్న నారాయణపేట నేతగానికి మరొకటి. అతణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, "ఏడ్వు బిడ్డా, లోపల పెట్టుకుంటె గదే గడ్డై కూసుంటది" అన్నారు.

మా ఊరు గోలీని చప్పరించింది, మాటను ఉమ్మేసింది! పగలంతా చేన్లలో ఉంటారు, ఇంట్లో నలుగురూ కలిసేది పళ్లాల ముందరే. కనుక పంచాయితీ కూడా అక్కడే. తర్వాత కడుపు పట్టుకుని సారు అరుగెక్కడం.

ఊరిని అని ఏం లాభం? ఆయన కొడుకులే అంతే. మూడోనాడు సారు పేరన పిట్టకు, అంటే కాకికి, పెట్టారు. పచ్చిపులుసు, అన్నం, ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తరిలో ఉన్నాయి. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. అమ్మ ఆయన పోయిననాటినుంచి మెతుకు ముట్టలేదు. విస్తరి ముందరే ఇద్దరు కొడుకులూ పొలం పంపకం ఎత్తుకున్నారు.

"బాయికాడి చెల్క నాకే అని బాపు అన్నడు."

"ఎన్నడన్నడు? నీ కలల అన్నడా?"

కాకి గోడ మీద వాలింది. అరుపులకు లేచిపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. అమ్మ కండ్లు మూతలు పడి పక్కకు ఒరిగింది. నాకు ఒళ్లు మండింది.

"నోర్లు మూయుండ్రి! పొయ్యేముంగట సారు నాతోని ఏమన్నడో ఎరికేనా? 'నా విస్తరికాడ కొట్లాడితె, పిట్టనై వచ్చినా ముట్ట' అన్నడు. ఇంక మీ అమ్మను గూడ పంపుతరా?"

ఇద్దరూ బిగుసుకుపోయారు. కాసేపటికి కాకి దిగి ముద్ద కరుచుకుపోయింది.

చదివేవాళ్లకు నిజం చెబుతున్నాను. సారు నాతో ఆ మాట అననే లేదు. నేను చూడబోయేసరికే ఆయనకు నోరు పడిపోయింది. అప్పటికప్పుడు నేను అల్లిందే, ఇప్పటికీ వాళ్లకు చెప్పలేదు, చెప్పను. ఆ పూట అమ్మ అన్నం కలుపుకుంది. చెరో పక్క కొడుకులు కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. ఆ ఇంట్లో వినిపించిందల్లా ఆమె మెల్లగా నములుతున్న చప్పుడే.