ఒట్టు వేయించుకున్న ఆపరేషన్

మూడో సెలైన్ సీసా సగానికి దిగేసరికి కిటికీ ఊచకు రెండు సీసాలు వేలాడుతున్నాయి. ఒకటి నిలకడగా ఉంది. రెండోది దాని పక్కనే, కొంచెం కిందికి జారి ఉంది. రెండింటిలోనూ చుక్క ఒకేసారి పడుతోంది.

"రెండోది ఎప్పుడు పెట్టినవ్?" అని అడిగాను.

మా వీధి ఆర్‌ఎంపీ డాక్టర్ నా చేతి మీద ప్లాస్టర్ సరిచేస్తున్నాడు. సూర్యాపేటలో మేము ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ జ్వరానికైనా జలుబుకైనా అతనే. "ఒక్కటే ఉన్నదన్నా," అని నవ్వాడు. "నీరసానికి కండ్లు తిరుగుతున్నయ్. ఇది అయిపోనీ, లేసి ఉరుకుతవ్."

అతను కూడా ఇద్దరుగానే కనిపిస్తున్నాడు. ఆ మాట చెప్పలేదు. గుమ్మంలో నా భార్య నిలబడి ఉంది. ఏదో చెప్పబోయి, నా వైపు చూసి ఆగిపోయింది. ఆమె నోరు కట్టేసింది నేనే.

అంతకు మూడు నెలల ముందు హైదరాబాద్‌లో నా జీర్ణాశయంలో ముప్పావు వంతు కోసి తీసేశారు. మిగిలింది అరటికాయంత గొట్టం. బరువు తగ్గడానికి చేసే ఆపరేషన్ అది. అప్పటికి నేను నూట ముప్పై నాలుగు కిలోలు. ఇరవై ఏళ్లకు పైగా పత్రికలో విలేకరిగా పనిచేస్తున్నాను. ప్రెస్‌మీట్లలో మిర్చి బజ్జీలు, నాయకులు పంపించే బిర్యానీ పొట్లాలు, హైవే హోటళ్లలో వేళ కాని వేళ భోజనాలు. షుగరు వచ్చింది, బీపీ వచ్చింది. వాటికి మాత్రలు మింగుతూ నెట్టుకొచ్చాను. జొన్నరొట్టెతో ఒక ఏడాది పన్నెండు కిలోలు తగ్గి, మరుసటి ఏడాది పదిహేను పెరిగాను.

నన్ను భయపెట్టింది నిద్ర. ఒక మధ్యాహ్నం కోదాడలో ఏదో కాలేజీ కార్యక్రమం చూసుకుని బండి మీద సూర్యాపేటకు వస్తున్నాను. ఎండ, నాలుగు వరసల రోడ్డు, ఎదురుగాలి. లారీ హారన్‌కు కళ్లు తెరిచేసరికి బండి రోడ్డు దిగి కంకర మీద పోతోంది. మునగాల దాటానా లేదా అన్నది తెలియలేదు. ఎంత దూరం నుంచి నిద్రపోతున్నానో ఇప్పటికీ తెలియదు. హైదరాబాద్ డాక్టర్ పరీక్షలు చేయించి, నిద్రలో నాకు ఊపిరి ఆగి ఆగి వస్తోందని, మెడ చుట్టూ పట్టిన కొవ్వే కారణమని చెప్పాడు. ఇలాగే ఉంటే ఏదో ఒకరోజు బండి మీదో మంచం మీదో అయిపోతుందన్నాడు. నెల తిరక్కుండా ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను.

ఒప్పుకోవడం తేలికే అయింది, బయటికి చెప్పడం కష్టమైంది. అంతకు ఏడాది ముందు మా ఊళ్లో ఒక వ్యాపారి ఇలాంటి ఆపరేషనే చేయించుకున్నాడు. కొత్త బస్టాండ్ దగ్గరి చాయ్ హోటల్లో ఆ మాట వచ్చినప్పుడు ఎవరో అన్నారు: "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకున్నడంట!" అందరం నవ్వాం. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే కావచ్చు.

అందుకే ఆఫీసులో హెర్నియా అని చెప్పాను. బంధువులకూ అదే చెప్పాను. ఆస్పత్రికి బయల్దేరే రోజు నా భార్య చేతిని నా తల మీద పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. ఎవరితోనూ, పుట్టింటివాళ్లతో కూడా చెప్పనని. "గింత దానికి ఒట్టెందుకు? నేను చెప్పనంటే చెప్పను," అంది. వినలేదు. ఆమె ఒట్టును ఆషామాషీగా తీసుకునే మనిషి కాదు. తల మీద వేసిన ఒట్టు తప్పితే ఆ తలకే కీడు జరుగుతుందని చిన్నప్పటి నుంచీ నమ్మింది. ఆ సంగతి తెలిసే వేయించుకున్నాను.

మొదటి రెండు నెలలు బాగానే గడిచాయి. ముందు నీళ్లు, తర్వాత జావ, తర్వాత మెత్తని పప్పన్నం. నాలుగు చెంచాలకే కడుపు నిండిపోయేది. ప్యాంట్లు రెండుసార్లు కుట్టించుకున్నాను. పగటి నిద్ర పోయింది. షుగర్ మాత్రలు సగానికి తగ్గాయి. విటమిన్ మాత్రలు మాత్రం జీవితాంతం వేసుకోవాలని రాసిచ్చారు. వాటిని ఎవరి కంటా పడకుండా బీరువాలో చీరల కింద పెట్టాం. పెద్ద మాత్రలు, గొంతులో పట్టేసేవి. గుర్తొచ్చిన రోజు వేసుకున్నాను. తర్వాత మానేశాను.

మూడో నెల మొదట్లో మిర్యాలగూడలో నా భార్య అన్న కొత్త ఇంటి దావత్ చేశాడు. ఆయన రైస్ మిల్లులో సూపర్‌వైజర్. ఇంటికొచ్చిన మనిషి విస్తరి ఖాళీగా కనబడితే ఆయనకు నిద్ర పట్టదు. అందరూ తింటున్నారు, నేను వేళ్లతో అన్నం కలుపుతూ కూర్చున్నాను.

"ఏం బావా, పిట్ట తిన్నట్టు తింటున్నవ్? మా ఇంట్ల కూర మంచిగ లేదా?"

"కడుపు నిండింది బావా."

"ఏం తిన్నవని నిండె! హెర్నియా అయినోడు అన్నం మానాల్నని ఏ డాక్టర్ జెప్పిండు? పేపరోళ్ల కత గింతే. ఊరందరి గుట్టు బయటేస్తరు, తమ సంగతి మాత్రం చెప్పరు." పంక్తి అంతా నవ్వింది. మటన్ గరిటె నా విస్తరి మీదికి వచ్చింది. "నా మాట కొట్టేస్తే నా ఇంటికి వచ్చినట్టే కాదు."

నా భార్య నీళ్ల జగ్గు పట్టుకుని ఆయన వెనకే ఉంది. కళ్లతోనే వద్దంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు, తిన్నాను. నాలుగు ముక్కలు, ఆ పులుసుతో రెండు ముద్దలు. చేయి కడుక్కుంటుండగానే కడుపులో మంట మొదలైంది. తిరుగు దారిలో మిర్యాలగూడ దాటాక కారు ఆపించి రోడ్డు పక్కన కూర్చుండిపోయాను.

ఆ రోజు మొదలైన వాంతులు ఆగలేదు. అన్నం నిలవలేదు, జావ నిలవలేదు, వారానికి నీళ్లూ సరిగ్గా నిలవలేదు. గొట్టంగా మిగిలిన కడుపు ఒకచోట వాచి దారి ఇరుకైందని తర్వాత చెప్పారు. అప్పట్లో నేనేమీ కంగారు పడలేదు. నిజం చెప్పాలంటే, పొద్దున్నే బరువు చూసుకుంటే ముల్లు ఇంకా ఇంకా దిగుతుంటే లోపల సంతోషంగానే ఉండేది. రెండో వారం పాదాల్లో చీమలు పాకినట్టు మొదలైంది. మూడో వారం బాత్రూమ్ దాకా గోడ పట్టుకుని నడిచాను.

అప్పుడే ఆర్‌ఎంపీ డాక్టర్‌ను పిలిపించాను. మా వైపు నీరసమంటే గ్లూకోజ్ సీసానే. అతను మొదటి సీసాలో పచ్చటి బలం మందు, బీ విటమిన్లది, కలిపాడు. అది ఎక్కగానే ఆ వాసన ముక్కులోకి, నోట్లోకి వచ్చి డోకొచ్చింది. "రేపటి నుంచి ఆ పచ్చ మందు వద్దు, ఉట్టి గ్లూకోజే పెట్టు," అన్నాను. అతను ఎదురు చెప్పలేదు. కడుపు ఎక్కడ కోశారో తెలిస్తే అడిగేవాడేమో. హెర్నియా అన్నాం కదా. ఒంట్లో బీ వన్ విటమిన్ అడుగంటినవాడికి ఉట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోతుందని, దెబ్బ మెదడుకు తగులుతుందని నాకు తెలియదు, అతనికీ తెలియదు. మొదటి రోజు కలిపిన ఆ పచ్చ మందు రోజూ ఎక్కి ఉంటే సరిపోయేదా అని తర్వాత హైదరాబాద్‌లో అడిగాను. ఎవరూ ఔననలేదు, కాదనలేదు.

సీసాలు రెండుగా కనిపించిన మర్నాటి ఉదయం నేను ఆఫీసుకు ఫోన్ చేశానట. కోదాడ అవతల, ఆంధ్రా సరిహద్దు దగ్గర లారీ బోల్తా పడిందని, ఇద్దరు పోయారని వార్త చెప్పాను. చెప్పడమే కాదు, నేను చూశాను. సిమెంటు బస్తాలు పగిలి రోడ్డంతా బూడిద రంగు, అందులో ఆడమనిషి చెప్పు ఒకటి. ఇప్పుడు కూడా కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. ఆఫీసువాళ్లు కోదాడ విలేకరిని కనుక్కోమన్నారు. అతను నాకే ఫోన్ చేశాడు.

"అన్నా, నేను ఆడనే ఉన్నా. ఏ లారీ పడలేదన్నా. ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరో చెప్పుడేంది? నేను పోయి చూసొచ్చిన!" అని అరిచాను.

నా భార్య నా చేతిలోంచి ఫోన్ తీసుకుని పక్కన పెట్టింది. "మీరు నాలుగు రోజులాయె మంచం దిగక. కోదాడకు ఎప్పుడు పోయిన్రు?"

"పొద్దున."

ఆమె మంచం మీద కూర్చుంది. తర్వాత మెల్లగా అంది. "ఒట్టు తీసెయ్యిండ్రి. నా వల్ల కాదు. తీసి గట్టున పెట్టిన అనుండ్రి, చాలు."

"ఏం ఒట్టు?" అన్నాను.

నటించలేదు. నిజంగానే గుర్తు లేదు. ఏ ఒట్టో తెలియనట్టు ఆమె ముఖంలోకి చూస్తున్నానట. ఆమె ఇంకేమీ అడగకుండా లేచి ముందుగదిలోకి వెళ్లి, హైదరాబాద్ ఆస్పత్రికి ఫోన్ చేసి, ఆపరేషన్ నుంచి సీసాల దాకా అంతా చెప్పింది. అవతలి డాక్టర్ ఒకటే మాట అన్నాడట: సీసా ఇప్పుడే తీసేయండి, బయల్దేరండి. తాను మాట తప్పింది కాబట్టే దారిలో నాకేమైనా అవుతుందని సూర్యాపేట నుంచి హైదరాబాద్ దాకా నా తల మీద చెయ్యి తీయలేదట. ఆ ప్రయాణం నాకు జ్ఞాపకం లేదు.

ఆస్పత్రిలో ముందు బీ వన్ ఇంజెక్షన్లే ఇచ్చారు. మూడు రోజులకు సీసాలు ఒకటయ్యాయి. ఇరుకైన చోట బెలూన్‌తో వెడల్పు చేశారు. నెలన్నరకు కర్ర లేకుండా నడిచాను. ఇప్పుడు డెబ్బై తొమ్మిది కిలోలు. నన్ను చూసినవాళ్లు మంచిగా అయ్యావంటారు. చెప్పులు కాలి నుంచి జారిపోతే తెలియదు, నాలుగడుగులు నడిచాక చూసుకుంటాను. రాసిన వార్తను మా విలేకరుల్లో ఒకరితో సరిచూపించుకోకుండా పంపను.

మా ఇంట్లో ఒక్క విషయం తేలలేదు. ఆపరేషన్‌కు ముందురోజు డాక్టర్ గదిలో మేమిద్దరమే ఉన్నాం. "మూడు రోజులకు మించి వాంతులైతే ఇంకెక్కడికీ పోవద్దు, నేరుగా మా దగ్గరికే రండి" అని ఆయన రెండుసార్లు చెప్పాడని, నేను తల ఊపానని నా భార్య అంటుంది. మరి మూడు వారాలు ఎందుకు ఊరుకున్నావని నేను అడగలేదు. అడిగితే ఒట్టు మాట వస్తుంది. నాకు ఆ గది గుర్తుంది, బల్ల మీద ప్లాస్టిక్ కడుపు బొమ్మ గుర్తుంది, ఆయన ఆ మాట అనకపోవడం కూడా స్పష్టంగా గుర్తుంది. డిశ్చార్జి కాగితాల్లో మాత్రల పేర్లున్నాయి, వాంతుల గురించి ఏమీ లేదు. ఆ తర్వాత ఆయన దగ్గరికి నాలుగుసార్లు వెళ్లాను. ఇంతవరకు అడగలేదు.