సాంచ కాలి కింది రాయి

తెలిసిన సంగతిని ఆ రోజు పదిమంది ముందు తెలియదన్నాను. తప్పు నాదే.

మేము బతుకుదెరువుకు వలస వచ్చిన లింబాయత్‌లో నేను మాస్టరుగా నడిపించే మా మరమగ్గాల షెడ్డు గోడకు ఆనుకొని చిన్న దర్గా ఉంది. అది రాకముందు అక్కడ గుడి ఉండేదని కొందరు, ముందునుంచీ సమాధేనని కొందరు ఏళ్లుగా తగువులాడుకుంటున్నారు. షెడ్డు పడగొట్టి పునాది తవ్వుతుంటే చెక్కిన నల్లరాయి ఒకటి బయటపడింది. అంచున తామరరేకులు, పైన పసుపూ కుంకుమా పట్టిన మరకలు.

"చూసిన్రా! గుడి లేకుంటే గీ కుంకుమ యాడికెల్లి వచ్చింది?" అన్నాడు మా కులసంఘం పెద్ద.

ఆ కుంకుమ నేను పెట్టిందే. ఏళ్ల కిందట వరద వచ్చి తగ్గాక నేల ఎత్తు పెంచడానికి ఊరవతల కామ్‌రేజ్ వైపు నుంచి ట్రాక్టరులో మట్టీ రాళ్లూ తెప్పించాను. ఈ రాయి వాటితో వచ్చింది. మేము సాంచ అని పిలుచుకునే మరమగ్గం ఊగకుండా దాని కాలి కింద పెట్టాను. దసరాకు సాంచకు బొట్టు పెట్టినప్పుడల్లా రాయికీ పెట్టాను. తర్వాత గచ్చు చేయించినప్పుడు అది నేలలో కలిసిపోయింది.

పురావస్తు శాఖ అధికారిణి వచ్చి రాయిని కొలిచింది. ఇది ఇక్కడిదేనా, ఎవరికైనా తెలుసా అని హిందీలో అడిగింది. దర్గా చూసుకునే ముసలాయన, మేమంతా చాచా అని పిలిచే ఆయన, నావైపు తిరిగాడు. మా నడుమ బతికి మా మాటే నేర్చుకున్న మనిషి.

"మాస్టర్, నీ సాంచ కాలి కింది రాయి గాదా ఇది? కొబ్బరి గొట్టి నాగ్గూడ ముక్క ఇస్తుంటివి గద. జర చెప్పు."

"చాచాకు మనుషులే కంటికి ఆనరు, గిప్పుడు రాయి ఆనిందట!" అన్నాడు పెద్ద. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మాలూమ్ నహీ, మేడమ్" అన్నాను.

సంఘంలో వెలివేస్తారని భయం. నేను బొట్టు పెట్టిన రాయికి అంతమంది దండం పెడుతుంటే లోలోపల గర్వం కూడా. సాయంత్రానికి దర్గా తలుపుకు ఎవరో తాళం వేశారు. చాచా బయట మెట్టు మీద కూర్చున్నాడు. నేను ఆ సందు వదిలి చుట్టూ తిరిగి ఇంటికి పోయాను.

పొద్దున్నే ఇంట్లో వెతికి పాత దసరా ఫోటో ఒకటి తీశాను. సాంచ కాలి కింద రాయి, దాని మీద బొట్టు కనిపిస్తున్నాయి. ఆఫీసుకు పోయి దాన్ని అధికారిణికిచ్చి, జరిగింది రాసి సంతకం పెట్టాను.

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డాను."

ఆ చోటు కథ ఏమిటో తనకింకా తెలియదనీ, ఈ రాయి మాత్రం దేనికీ సాక్ష్యం కాదనీ ఆమె చెప్పింది.

తిరిగి వచ్చేసరికి చాచా ఇంకా ఆ మెట్టు మీదే ఉన్నాడు. తలెత్తి నన్ను చూడలేదు. తవ్విన గుంత దగ్గర నిన్న నవ్వినవాళ్లే గుమిగూడి ఉన్నారు. చాచా కూర్చున్న మెట్టు కింద నిలబడి, వాళ్లందరికీ వినపడేలా చెప్పాను.

"ఆ కుంకుమ నేను పెట్టిందే. చాచా చెప్పిందే నిజం."

పెద్ద నేల మీద ఉమ్మి వెళ్లిపోయాడు. నేను తాళం తీయమని ఒక్కొక్కరినీ అడుగుతూ అక్కడే నిలబడ్డాను.