హారతి పళ్లెం ఆగిన చోటు

ఆదివారం సత్సంగంలో హారతి కళ్లకద్దుకుంటే అరచేతులకు కర్పూరం వాసన అంటుకుంటుంది. కాసేపు కళ్లు తెరవబుద్ధి కాదు. ఆ వాసన వెనకే వెచ్చని తవుడు వాసన, కాలువ మీది గాలి, వాటి మధ్య విశ్వనాథం మాస్టారి తెల్ల హెల్మెట్ కలలోలా తేలివస్తాయి.

విజయవాడలో నేను ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా చదివినప్పుడు ఆయన మాకు పాఠం చెప్పేవారు. ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. ఎండలో హెల్మెట్ తీసినా నుదుటి విభూతి చెరిగేది కాదు. "ఈ చదువుకి ఎక్కడ ఉద్యోగాలొస్తాయి మాస్టారూ?" అని మొదటి రోజే అడిగాను. "రిఫైనరీలో రావచ్చు, పోర్టులో రావచ్చు, కట్టే బిల్డింగుల దగ్గర రావచ్చు. ఎక్కడైనా నిన్ను చూస్తే జనం మొహం తిప్పుకుంటారమ్మా. అదొక్కటీ గ్యారంటీ" అన్నారు.

ట్రైనింగుకి హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక తవుడు నూనె ఫ్యాక్టరీలో చేరాను. అక్కడ నూనె తీయడానికి పెట్రోలులా మండే ద్రావకం వాడతారు. యంత్రాలు ఆపినా దాని ఆవిరి కంటికి కనబడకుండా లోపలే నిలిచి ఉంటుంది. దసరాకి ఆయుధపూజ. నన్ను చూసిపోదామని మాస్టారు కూడా వచ్చారు. ఏటా గేటు బయటే హారతి ఇచ్చేవారట. ఈసారి కొత్త యంత్రం వచ్చిందని, యజమాని వెంకట్రామయ్య గారు కర్పూరం పళ్లెం పట్టుకుని ప్లాంటు లోపలికే బయల్దేరారు. వచ్చే నెల నా ఉద్యోగం ఖాయం చేస్తానన్నది ఆయనే. అది పోతుందని ఒక భయం. దేవుడికిచ్చే హారతికి అడ్డం పడడం అంతకన్నా పెద్ద భయం.

"ఆయనకి మీరు చెప్పండి మాస్టారూ" అన్నాను.

"నేను సాయంత్రం బస్సెక్కి పోతాను. రేపు ఇక్కడుండేది నువ్వు." తర్వాత మెల్లగా అన్నారు: "ఆకో, పువ్వో, పండో, కాసిని నీళ్లో భక్తితో ఇస్తే చాలన్నాడు కదా స్వామి. చిన్నప్పట్నుంచీ గీత చదువుతున్నావు. అందులో నిప్పు అడిగాడా?"

అన్నేళ్ల పారాయణలో ఆ సంగతి నాకు తట్టనేలేదు. వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"లోపల పూలు పెడదామండీ. హారతి గేటు బయట ఇద్దాం."

"ఏంటమ్మా, దేవుడిక్కూడా పర్మిషన్ కావాలా?" అన్నారు వెంకట్రామయ్య గారు. వెనకున్నవాళ్లు నవ్వారు.

"దేవుడికి అక్కర్లేదండీ. లోపలికొచ్చే వీళ్లందరి ప్రాణాలకి కావాలి."

ఆయన పళ్లెంతో గుమ్మం ముందే ఆగారు. "బంతిపూల బుట్ట ఇటు తేండ్రా" అని వెనక్కి తిరిగారు.

ఆ రోజు ఏమీ జరగలేదు. పూజయ్యాక జనం ప్రసాదాలు పట్టుకుని, దండలు వేసిన సైకిళ్ల మీద పొలాల మధ్య నుంచి ఇళ్లకు పోతుంటే మాస్టారు నన్ను గేటు దగ్గర నిలబెట్టారు. "చూడు. మనకు దక్కేది ఇదే" అన్నారు.

మాస్టారు ఇప్పుడు లేరు. నేను సేఫ్టీ మేనేజర్నయ్యాను. రోజూ షిఫ్టు దిగే వేళకి వెళ్లి గేటు దగ్గర నిలబడతాను. చివరి మనిషి రోడ్డెక్కాక గానీ నా సాయంత్రం ప్రార్థన మొదలవదు.