రూరీ పీపా

మూడో గోదాంలో ఏ పీపా ఎప్పుడు సీసాలకెక్కాలో టార్క్విల్ మెకాస్కిల్ ముక్కు చెప్పాలి. ఆ దీవిలోని విస్కీ కంపెనీకి యజమానులు మారారు, మేనేజర్లు మారారు, ఈ పద్ధతి మాత్రం మారలేదు. రాగి గొట్టంతో కాస్త విస్కీ పైకి లాగి, గ్లాసులో పోసి, వాసన చూసి అతను "ఊఁ" అంటే పీపా కదులుతుంది. "ఊహూఁ" అంటే మళ్ళీ వసంతం దాకా చీకట్లోనే.

గోడ పక్కన మట్టినేల మీదున్న ఒక పీపాకు అతను ఏటా "ఊహూఁ" అంటూనే వచ్చాడు.

అది తమ్ముడు రూరీది. బీడులో పీట్ మట్టిని పెళ్ళలుగా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో కాల్చి, ఆ పొగ మీద మొలకెత్తిన బార్లీని ఆరబెట్టడం రూరీ పని. తర్వాత కంపెనీ ఆ పొయ్యి మూసేసింది. ఆరబెట్టిన బార్లీ పడవెక్కి బయటినుంచి వస్తోంది. రూరీ చేతి బార్లీతో తీసిన విస్కీలో చివరికి మిగిలింది ఆ ఒక్క పీపా. రూరీకి మిగిలింది దగ్గు. ఆ పీపా సీసాలకెక్కిన రోజున సీసా చీటీ మీద అతని పేరు వేస్తామని కంపెనీ మాటిచ్చింది.

మొదట్లో ఆ విస్కీలో పొగ మొరటుగా గొంతు పట్టుకునేది. ఏళ్ళు గడిచేకొద్దీ మెత్తబడింది. ముందురోజు పొయ్యి దగ్గర కూర్చున్న ఉన్ని కోటులో మర్నాడు ఉండే వాసనలా, ఉందో లేదో అన్నట్టు. దాని వెనక తేనె, ఎండిన యాపిల్ తొక్క. ఇంకొక్క ఏడాది ఆగితే, అనిపించేది టార్క్విల్‌కి. ప్రతి ఏడూ అనిపించేది.

"ఏమంటోంది నా పీపా?" అని అడిగేవాడు రూరీ, ఆక్సిజన్ గొట్టం సర్దుకుంటూ.

"ఇంకా ఆగాల్రా."

"ఆగడానికి నన్నేమన్నా ఓక్ చెక్కతో చేశారా? దేవదూతల వాటా అంటూ ఏటా కొంత ఆవిరైపోతోందిగా. వాళ్ళు తాగి తూలుతున్నారన్నా. నేనిక్కడ టీ తాగుతున్నా."

"రెండో రకం సరుకు మీద నీ పేరు వేయించమంటావా?"

"నా పేరు కోసమా, నీ ముక్కు కోసమా ఇదంతా?"

ఈ వసంతంలో టార్క్విల్ చివరికి "ఊఁ" అన్నాడు. కొత్త మేనేజరు ఐలీ గాల్‌బ్రెయిత్ ఆ విస్కీలో బలం కొలిచే గాజు కడ్డీ వేసింది. తీసి తుడిచి, మళ్ళీ వేసింది.

"దీని బలం చివరిసారి ఎప్పుడు కొలిచారు?"

"దీనికి కొలతెందుకమ్మా? నేను చూస్తూనే ఉన్నాగా."

"ఆల్కహాల్ నలభై శాతం కన్నా దిగిపోయింది, టార్క్విల్. చట్టం దీన్ని విస్కీ అననివ్వదు. ఇంకో విస్కీలో కలపనివ్వదు. పారబొయ్యాల్సిందే."

"వాసన చూడు తల్లీ. ఒక్కసారి."

చూసింది. గుక్కెడు తాగింది. చాలాసేపు గ్లాసు దించలేదు. "ఇంత మంచిది నేనెప్పుడూ తాగలేదు," అంది. "పోయిన ఏడు తీసి ఉంటే..." అని ఆగిపోయింది.

బలం తగ్గుతూ మెత్తబడుతుంటే బాగుపడుతోందనుకున్నాడు టార్క్విల్. ఐలీ అటు తిరిగి నిలబడితే, ఒక చిన్న సీసా నింపి కోటు జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్న గ్లాసులో పోసిచ్చింది రూరీ ఆక్సిజన్ గొట్టం పక్కకు తీసి వాసన చూశాడు. మెల్లగా తాగాడు. కళ్ళు మూసుకున్నాడు.

"నా పొగే. పైబీడు మట్టిది. ఎప్పుడెక్కిస్తున్నారు సీసాలకి?"

టార్క్విల్ చెప్పాడు. తలుపు వైపు చూస్తూ, మొత్తం చెప్పాడు.

రూరీకి నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి దిగింది. అది తగ్గేదాకా అన్న నిలబడే ఉన్నాడు.

"నీ పంతం నెగ్గిందన్నా," అన్నాడు రూరీ. "రెండో రకం సరుకు మీద నా పేరు పడలేదు."

గ్లాసులో ఇంకా సగం ఉంది. దాన్ని బల్ల మీద దూరంగా జరిపి, గొట్టం మళ్ళీ ముక్కుకు తగిలించుకున్నాడు.

"టీ పెట్టు."